గులాబీకి మందు కొట్టకండి బాబోయ్!

ముందే చెప్పేస్తున్నా. ఇది "మీ బాల్కనీలో గులాబీలు విరగబూయాలంటే పది చిట్కాలు" రకం టపా కాదు. ఆ చిట్కాలు చెప్పేవాళ్ళతోనూ, మందు డబ్బా పట్టుకుని తిరిగేవాళ్ళతోనూ గొడవ పెట్టుకోవడానికి రాస్తున్న టపా. నేను వ్యవసాయం చదువుకోలేదు. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్టువేరు ఉద్యోగం. అయినా ఈ విషయంలో నోరు మూసుకోలేకపోతున్నా. ఎందుకంటే ఈ పని చేస్తున్నది ఎవరో కాదు, మనమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "రూట్ కాజ్ ఏంటి? రూట్ కాజ్ ఏంటి?" అని ఎదుటివాడి ప్రాణం తీసే మనం, ఇంటికొచ్చి గులాబీ ఆకు మీద ఒక మచ్చ కనబడగానే బుర్ర ఆఫీసులో వదిలేసినట్టు ప్రవర్తిస్తున్నాం.

నా వాదన ఇంతే. ఇంట్లో సరదాకి పెంచుకునే గులాబీకి పురుగుమందు అక్కర్లేదు. కొట్టక తప్పని పరిస్థితి వచ్చిందంటే, అది పెట్టిన చోటులోనో, మట్టిలోనో, ఎంచుకున్న రకంలోనో తప్పుంది. ఆ మూడూ వదిలేసి ఆకు మీద విషం చల్లడమంటే, సర్వర్లో మెమరీ లీకవుతుంటే గంటకోసారి రీస్టార్ట్ చేసి "ఫిక్స్ చేశాం" అని మెయిల్ పెట్టడం లాంటిది.

జరిగే తంతు

ఆదివారం పొద్దున్నే నర్సరీకెళ్తాం. అప్పటికే నాలుగు పువ్వులూ ఆరు మొగ్గలూ ఉన్న మొక్కనే ఏరుకుంటాం (ఖాళీ మొక్కని ఎవడు కొంటాడు!). తెచ్చి తూర్పు బాల్కనీలో గ్రిల్లు వెనకాల పెడతాం. అక్కడ ఎండ పడేది పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా, అదీ ఎదుటి బిల్డింగు దయ తలిస్తే. ఉన్న మొగ్గలు విచ్చుకుంటాయి. ఫోటో తీస్తాం. మూడు వారాలకి ఆకులు పసుపుపచ్చబడి రాలడం మొదలు. మళ్ళీ ఫోటో తీసి వాట్సాప్ గుంపులో "వాట్ టు డూ?" అని అడుగుతాం.

అరగంటలో ఏడు సలహాలు వస్తాయి. ఒకాయన ఎప్సం సాల్ట్ అంటాడు. ఒకావిడ ఉల్లిపాయ తొక్కల నీళ్ళంటుంది. ఇంకొకరు అరటి తొక్క. నాలుగో ఆయన, ఊళ్ళో పొలం ఉన్న ఆయన, గుంపులో అందరికన్నా అనుభవజ్ఞుడు, "అవన్నీ టైంపాస్ అండీ, ఎరువుల కొట్లో మోనో అని అడగండి, లీటరుకి రెండు ఎమ్మెల్" అంటాడు. ఆ జబ్బేమిటో ఒక్కరూ అడగరు. ఎండ ఎన్ని గంటలు పడుతోందని అడగరు. కుండీ కింద చిల్లు ఉందా అని అసలే అడగరు.

మనం లాగ్ ఫైలు చూడకుండా కోడ్ మార్చేవాణ్ణి ఏమంటాం?

"మందు" అనే మాటతోనే వచ్చింది చిక్కు

మన భాషలో ఒక తమాషా ఉంది. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే, పురుగుని చంపేదీ మందే. "చెట్టుకి విషం చల్లాను" అని ఎవరూ అనరు, "మొక్కకి మందు కొట్టాను" అంటారు. ఏదో జబ్బు చేసిన బిడ్డకి సిరప్ పట్టినంత ప్రేమగా! కానీ పేపర్లో "మందు తాగి రైతు ఆత్మహత్య" అని చదివినప్పుడు ఆ మందు ఏదో మనందరికీ తెలుసు. రెండూ ఒకే కొట్లో, ఒకే అరలో ఉండే ఒకే డబ్బా.

ఆ "మోనో" సంగతే చూద్దాం. పూర్తి పేరు మోనోక్రోటోఫాస్. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు, గుర్తుందా? ఆ వంటనూనెలో కలిసింది ఇదే. కూరగాయల మీద దీన్ని కొట్టకూడదని మన ప్రభుత్వం 2005లోనే చెప్పింది. 2023లో బాగా అమ్ముడుపోయే 36 శాతం ద్రావణాన్ని కూడా నిషేధం కిందకి తెచ్చారు. అయినా గుంపుల్లో సలహా మాత్రం ఆగలేదు. వంకాయ మీద వద్దన్న విషం, అమ్మ పొద్దున్నే కోసి దేవుడికి పెట్టి, ఆ తరవాత తల్లో తురుముకునే పువ్వు మీద ఎలా పనికొస్తుంది? మూడేళ్ళ పిల్లలు గులాబీ రేకులు నోట్లో పెట్టుకోవడం మీరెప్పుడూ చూడలేదా?

"అబ్బే, మేం వాడేది మోనో కాదు, మామూలుదే" అనేవాళ్ళకి ఒక చిన్న పని చెప్తా. డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. అందులో కింది సగం రంగు చూడండి. ఎరుపైతే అత్యంత విషపూరితం, పసుపైతే దాని తరవాతది, ఆ తరవాత నీలం, చివరికి ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్ ఎరుపు. మనవాళ్ళు "మామూలుది" అనుకునే డైమిథోయేట్, ఇమిడాక్లోప్రిడ్ రెండూ పసుపు. అంటే చివరి నుంచి కాదు, మొదటి నుంచి రెండోది. పైగా ఈ మూడూ మొక్క లోపలికి పీల్చుకునే రకాలు. ఆకు కడిగితే పోయేవి కావు, రసంలో కలిసి పువ్వు దాకా వెళ్ళేవి. మాస్కు, గ్లౌజులు, పూర్తి చేతుల చొక్కా వేసుకుని కొట్టమని ఆ డబ్బాతో ఇచ్చే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం చదివినవాళ్ళెంతమంది? మనం టర్మ్స్ అండ్ కండిషన్సే చదవం, ఇక ఇది చదువుతామా!

కొట్టేది మనం కాదు కదా

అసలు నాకు ఒళ్ళు మండిన సంగతి ఇది. మా అపార్ట్‌మెంటు కాంపౌండులో గోడ వెంబడి పదకొండు గులాబీలున్నాయి. గత ఏడాది వర్షాకాలంలో వాటికి నల్లమచ్చ వచ్చి ఆకులన్నీ రాలిపోయాయి. ఒక శనివారం పొద్దున పాలపాకెట్టు కోసం కిందకి దిగితే, వాచ్‌మన్ లుంగీ, బనీను మీద, కాళ్ళకి చెప్పుల్లేకుండా, చేతిపంపు భుజాన వేసుకుని కొడుతున్నాడు. గాలి అతని మొహం మీదకే వీస్తోంది. పక్కనే అతని భార్య కిందపడ్డ పువ్వులు ఏరుతోంది.

"ఏం మందన్నా అది?" అన్నా.

"ఏమో సార్. సెక్రటరీ సారు తెచ్చిచ్చిండు. పువ్వులకు పురుగు వడ్డదంట గదా."

డబ్బా చూశా. ఎర్ర త్రికోణం. లోపలి కాగితం ఇంగ్లీషు, హిందీ. ఆయనకి రెండూ రావు. మూతతో కొలిచాడట, "అందాజ"గా.

సాయంత్రం మీటింగులో అడిగాను. ఒక పెద్దమనిషి చాలా మర్యాదగా "మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా కొడుతున్నారండీ, ఎవరికీ ఏం కాలేదు" అన్నారు. ఊళ్ళో ఎవరికీ ఏం కాలేదా? ఏ ఊరండీ అది? మా ఊళ్ళో అయితే పత్తికి మందు కొట్టి సాయంత్రానికి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని నేనెరుగుదును. ఇంకొకాయన "అంత బాధగా ఉంటే మీరే చూసుకోండి ఆ మొక్కల్ని" అన్నారు. వెటకారంగానే అన్నార్లెండి. సరే అన్నాను.

ఇక్కడ నేననేది ఒక్కటే. రైతు మందు కొడితే అతనికి ఒక కారణం ఉంది. పంట పోతే అప్పు తీరదు. ఆకు మీద ఒక్క మచ్చ ఉన్నా ఆ గులాబీకి మార్కెట్లో ధర పలకదు. అతని మీద నాకు కోపం లేదు, ఆ మార్కెట్టు మీద ఉంది. కానీ మనకేం ముంచుకొచ్చింది? మన జీతం గులాబీ మీద ఆధారపడి లేదు. మనకి పువ్వు కావాలనిపించింది, విషం తెప్పించాం, అది పీల్చే పని నెలకి పన్నెండు వేలకి పనిచేసే మనిషికి అప్పగించాం. సరదా మనది, ఊపిరితిత్తులు అతనివి. దీన్ని గార్డెనింగ్ అనడానికి నాకు నోరు రావట్లేదు.

పోనీ, పనిచేస్తుందా?

నీతుల సంగతి పక్కన పెడదాం. మనవాళ్ళకి నీతికన్నా లాజిక్కు బాగా ఎక్కుతుంది కాబట్టి అదే మాట్లాడుకుందాం. గులాబీకి వచ్చే ఇబ్బందుల్లో సగానికి పురుగుమందుతో సంబంధమే లేదు.

నల్లమచ్చ తెగులు. ఆకు మీద అంచులు చెదిరిన నల్లటి మచ్చలు, చుట్టూ పసుపు, ఆ తరవాత రాలిపోవడం. ఇది పురుగు కాదు, శిలీంధ్రం. దీనికి పురుగుమందు కొట్టడం, కరెంటు పోతే రౌటర్ రీసెట్ చేసినట్టు. ఈ బూజు మొలకెత్తాలంటే ఆకు సుమారు 7 గంటలపాటు తడిగా ఉండాలి. మనం ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఎనిమిదింటికి షవర్ క్యానుతో నెత్తి మీద నీళ్ళు పోస్తాం చూడండి, తెల్లారేదాకా ఆకు తడే. జబ్బుకి పక్కవేసి మరీ పిలుస్తున్నాం. పొద్దున పూట, మొదట్లో మాత్రమే నీళ్ళు పోయండి. రాలిన ఆకు ఏ రోజుది ఆ రోజు ఏరి బయట పారేయండి. వానాకాలంలో ఎలాగూ కొంత వస్తుంది, రానివ్వండి.

బూడిద తెగులు. చలికాలంలో లేత ఆకుల మీద, మొగ్గల మీద తెల్లటి పొడి. ఇదీ శిలీంధ్రమే, కానీ దీనికి ఆకు మీద నీళ్ళు అక్కర్లేదు. గాలి ఆడక, గుబురుగా, నీడలో ఉన్న మొక్కకి ముందొస్తుంది. కొమ్మలు పలచన చేసి, ఎండలోకి జరిపితే చాలావరకు సర్దుకుంటుంది.

ఎర్రనల్లి. ఇది అసలైన కామెడీ. ఎండాకాలం ఆకులు దుమ్ము కొట్టినట్టు వెలిసిపోతాయి, కింద సన్నటి సాలెగూడు. నల్లికి ఎనిమిది కాళ్ళు. అది సాలెపురుగు చుట్టం, కీటకం కాదు. ఇమిడాక్లోప్రిడ్ దాన్ని చంపదు. చంపకపోగా, ఆ మందు వాడిన మొక్కల మీద నల్లి పెరగడం శాస్త్రవేత్తలు చాలా మొక్కల్లో చూశారు. నల్లిని తినే మేలుచేసే పురుగులు ముందు చస్తాయి, నల్లికి ఎదురు లేకుండా పోతుంది. మందు కొట్టాం, పెరిగింది, ఇంకా కొట్టాం, ఇంకా పెరిగింది! మందు లేకుండా పోయేది దీనికే. రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే ట్యూబుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొట్టండి. పొద్దున్నే అని ఎందుకన్నానో పైన చెప్పా.

పేనుబంక. లేత చివుళ్ళకి గుంపుగా అంటుకునే పచ్చటి పేలు. వేలితో తుడిచేస్తే పోతాయి. అసహ్యమైతే నీళ్ళు కొట్టండి. ఒక వారం ఓపిక పడితే అక్షింతల పురుగులు అవే వచ్చి విందు చేసుకుంటాయి. మీరు మందు కొట్టారో, విందుకొచ్చిన అతిథులు కూడా ఔట్.

తామర పురుగులు. మొగ్గ అంచులు మాడినట్టు గోధుమరంగులో అయ్యి సరిగ్గా విచ్చుకోదు. ఇవి మాత్రం మొండివి, ఒప్పుకుంటా. మొగ్గ లోపల దాక్కుంటాయి కాబట్టి పైన కొట్టిన మందుకీ సరిగ్గా దొరకవు. పాడైన మొగ్గలు తుంచి కవర్లో కట్టి పారేయడమే. ఎండాకాలం రెండు నెలలు పువ్వు మీద ఆశ వదులుకుంటే పోయేదేం లేదు.

కొమ్మ ఎండు తెగులు. కత్తిరించిన చోటు నుంచి కొమ్మ నల్లగా మాడుతూ కిందకి దిగుతుంది. దీనికి కత్తెరే మందు. మాడిన భాగానికి అంగుళం కింద, పచ్చటి కొమ్మ దాకా కోసి, కోసిన చోట మాత్రం బోర్డో పేస్టు పూయండి. 1880ల్లో ఫ్రాన్సులో ద్రాక్షతోటల కోసం కనిపెట్టిన మైలుతుత్తం, సున్నం మిశ్రమం ఇది. ఇదీ అమృతమేం కాదు. అందుకే చెట్టంతా చల్లమనట్లేదు, గాయానికి పూయమంటున్నా.

ఇప్పుడు చెప్పండి, ఈ ఆరింట్లో మోనోకి పనెక్కడుంది?

వంటింటి శాస్త్రజ్ఞులకి కూడా ఓ దండం

మందు వద్దన్నానని ఆర్గానిక్ గుంపు వాళ్ళు చప్పట్లు కొట్టేయకండి. మీతోనూ ఉంది గొడవ.

ఎప్సం సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేటు. మొక్కకి మెగ్నీషియం తక్కువైతేనే అది ఉపయోగం. తక్కువైందని ఎలా తెలుస్తుంది? ముందు పాత ఆకులు, ఈనెల మధ్య పసుపుపచ్చబడతాయి. మన హైదరాబాదు ఇళ్ళల్లో ఎక్కువగా కనబడేది దానికి తిరగబడిన కేసు, అంటే కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము లేక కాదు, బోరునీళ్ళ సున్నం వల్ల క్షారం పెరిగి వేర్లకి అందట్లేదు. కుండీ అంచున తెల్లగా పేరుకున్నది కనబడట్లేదా? దానికి ఎప్సం సాల్ట్ పోయడమంటే డేటాబేసు డౌన్ అయితే బటన్ రంగు మార్చడం.

కోడిగుడ్డు పెంకులు కూడా సున్నమే. ఇప్పటికే సున్నం ఎక్కువైన మట్టిలో ఇంకా సున్నం! అరటి తొక్కలో పొటాషియం ఉందన్నది నిజమే, కానీ పచ్చి తొక్కని కుండీలో పాతితే ముందొచ్చేవి చీమలూ ఈగలూ. దాన్ని కంపోస్టులో వేయండి, ఎవరొద్దన్నారు?

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. పాలు నీళ్ళల్లో కలిపి చల్లడం అందరూ నవ్వే చిట్కా, కానీ దానికి ఆధారం ఉంది. 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త బెట్టియోల్ గుమ్మడి జాతికి చెందిన జుకినీ మొక్కల బూడిద తెగులు మీద పరీక్షించి, పనిచేస్తోందని ప్రచురించాడు. కాబట్టి బూడిద తెగులుకి ప్రయత్నించుకోవచ్చు. దాన్ని పట్టుకుని నల్లమచ్చకీ, నల్లికీ, నరదిష్టికీ పాలు పోస్తానంటే మాత్రం కాఫీకి దాచుకోండి :)

మందు గుంపుదీ, తొక్కల గుంపుదీ ఒకటే జబ్బు. ఇద్దరూ మొక్కని చూడరు. ఇద్దరికీ సీసాలోంచి ఏదో ఒకటి పోస్తే గానీ తోచదు.

మరి అసలు తప్పెక్కడ?

ఒకటి, ఎండ. గులాబీకి రోజుకి కనీసం 5, 6 గంటల నేరుగా పడే ఎండ కావాలి. మీ బాల్కనీకి అది లేకపోతే గులాబీ పెంచకండి. మనీప్లాంటు పెంచుకోండి, అదీ మొక్కే. ఇది ఎవరికీ నచ్చని సలహా, అందుకే ఎవరూ ఇవ్వరు. ఏప్రిల్, మేల్లో మాత్రం మధ్యాహ్నం కాస్త నీడ, కుండీ కింద రెండు ఇటుకలు అవసరం. కాలే శ్లాబు మీద కుండీ పెడితే వేర్లు ఉడికిపోతాయి.

రెండు, మట్టి. నర్సరీ మొక్క వేర్ల చుట్టూ జిగట ఎర్రమట్టి ముద్ద ఉంటుంది. దూరప్రయాణంలో విడిపోకుండా అలా చేస్తారు, అది వాళ్ళ అవసరం. దాన్ని అలాగే కుండీలో దింపితే పైన పోసిన నీళ్ళు చుట్టూ జారిపోతాయి, ముద్ద లోపల ఎండిపోతుంది, లేదా ఎప్పటికీ ఆరదు. తెచ్చిన మొక్కని వారం పదిరోజులు అలవాటు పడనిచ్చి, ముద్దని నీళ్ళల్లో నానబెట్టి, వేర్లు తెగకుండా కాస్త వదులు చేసి నాటండి. కనీసం 12 అంగుళాల కుండీ, ఎర్రమట్టితో బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసక, గుప్పెడు వేపపిండి. కింద చిల్లు.

మూడు, అంటు. మనం కొనేవన్నీ దాదాపు అంటుమొక్కలే. కింద మొండి జాతి వేరు, పైన అందమైన రకం. అంటు కట్టిన ముడి కిందనుంచి తెగ బలంగా ఒక కొమ్మ లేస్తుంది. "అబ్బ, ఎంత ఏపుగా వస్తోందో!" అని మురిసిపోతాం. అది పైదాని తిండి తినేసే కింది జాతి. ఏడాదికి అందమైన రకం చచ్చి, ముళ్ళపొద మిగులుతుంది. "నర్సరీవాడు మోసం చేశాడు, రంగు మారిపోయింది" అంటాం. రంగు మారలేదు స్వామీ, మనిషే మారిపోయాడు! ముడి కింద లేచినదాన్ని మొదలంటా పీకేయండి.

నాలుగు, కత్తెర. మన వైపు వానలు తగ్గాక అక్టోబరులో కత్తిరిస్తే సుమారు 45 రోజుల్లో పువ్వులొస్తాయి. పచ్చటి కొమ్మ కొయ్యడానికి చెయ్యి రాదు చాలామందికి. మందు కొట్టడానికి వచ్చే చెయ్యి కత్తెరకి ఎందుకు రాదో!

ఐదు, అన్నిటికన్నా పెద్దది, రకం. పూలబొకేల్లో కనబడే పొడుగు కాడ గులాబీ పాలీహౌసులో, మందుల మధ్య పెరగడానికి పుట్టింది. దాన్ని తెచ్చి మే నెల ఎండలో నిలబెట్టి "నాజూకు" అంటే అదేం చేస్తుంది? ఈ సంగతి మనకన్నా ముందే గుర్తించినవాళ్ళున్నారు. గోధుమలో తుప్పు తెగులుని తట్టుకునే రకాల మీద పనిచేసి, 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి.పాల్ గులాబీల పిచ్చివాడు, స్వయంగా ఎన్నో రకాలు సృష్టించాడు. ఎం.ఎస్.వీరరాఘవన్ అయితే మన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐ.ఏ.ఎస్. అధికారి. ముందుగానే ఉద్యోగం వదిలేసి, కొడైకెనాల్లో భార్య గిరిజగారితో కలిసి వేడి దేశాల్లో బతికే గులాబీల కోసం దశాబ్దాలు పనిచేశారు. ఐరోపా గులాబీలని మళ్ళీ మళ్ళీ కలపకుండా, మణిపూర్ కొండల్లో పెరిగే రోజా జైగాంటియా, బెంగాల్, బీహార్‌ల వైపు నీటి ఒడ్డున పెరిగే రోజా క్లైనోఫిల్లా అనే మన అడవి జాతులని తీసుకుని సంకరం చేశారు. వృక్షశాస్త్రవేత్త ఇ.కె.జానకీ అమ్మాళ్ పేరు పెట్టిన గులాబీ వాళ్ళదే. కలెక్టరు ఉద్యోగం వదిలి ఒక మనిషి "మన వాతావరణానికి మన గులాబీ" అని తపస్సు చేస్తే, మనం నర్సరీకెళ్ళి అడిగేది "బొకేలో ఉండేది ఉందా?" అని!

జర్మనీలో ఏడీఆర్ అని ఒక పరీక్ష ఉంది. కొత్త గులాబీ రకాలని వేరువేరు తోటల్లో ఏళ్ళ తరబడి, ఏ మందూ కొట్టకుండా పెంచి చూస్తారు. తట్టుకుంటేనే ముద్ర. అమెరికాలో విలియం రాడ్లర్ ఇంట్లోనే సృష్టించిన నాకౌట్ గులాబీ 2000లో మార్కెట్లోకొచ్చి ఇంటింటా నిలబడింది కూడా నల్లమచ్చని తట్టుకున్నందుకే. అదీ అమరమేం కాదు. రోజ్ రోసెట్ అనే వైరస్ వచ్చి డల్లాస్ చుట్టుపక్కల పొదలకి పొదలు పీకించింది, అక్కడున్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది. దానికి ఏ మందూ లేదు, పీకేయడమే. అంటే అక్కడా ఆఖరి మాట మందుది కాదు.

మనకి అంత దూరం అక్కర్లేదు. నాటు గులాబీ ఉంది. పన్నీరు గులాబీ ఉంది. 1897 నాటిదైనా మన ఎండలకి చెక్కుచెదరని గ్రుస్ ఆన్ టెప్లిట్స్ ఉంది. పువ్వు చిన్నదే, వాసన మాత్రం గది నిండుతుంది. బొకే గులాబీని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమొస్తుందో మీకు తెలుసు.

"సరే, మీ పదకొండు మొక్కలు ఏమయ్యాయి?"

అడుగుతారని తెలుసు. రెండు చచ్చిపోయాయి. ఆ రెండూ వాటర్ ట్యాంకు నీడలో ఉన్నవి, ఏ మందూ వాటిని బతికించేది కాదు. మిగతా తొమ్మిదింటిని అక్టోబరులో నేనూ వాచ్‌మనూ కలిసి కత్తిరించాం. అతని చెయ్యి నాకన్నా చక్కటిది, కన్ను ఎక్కడుందో చూసి ఏటవాలుగా కోస్తాడు. నవంబరు చివర్లో మొదటి విడత పూలొచ్చాయి. వానాకాలంలో ఆకుల మీద మచ్చలు ఇప్పటికీ వస్తాయి, కింది ఆకులు రాలతాయి, ఆ రెండు నెలలు మొక్కలు అందంగా ఉండవు. సెక్రటరీగారు అటు చూసి నిట్టూరుస్తూ ఉంటారు. నిట్టూర్చనివ్వండి. అందంగా లేని రెండు నెలలకీ, విషం చల్లిన పన్నెండు నెలలకీ మధ్య ఎంచుకోమంటే నేను మొదటిదే ఎంచుకుంటా.

ఇంకో వాదన కూడా వస్తుంది, "మరీ తప్పనిసరైతే?" అని. తప్పనిసరైతే వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి, ఎండ తగ్గాక, ఒక కొమ్మ మీద ముందు చూసుకుని కొట్టండి. దానికీ లొంగకపోతే ఆ మొక్కని తీసేయండి. అవును, పీకి పారేయండి. నూట యాభై రూపాయల మొక్కని కాపాడటానికి ఇంట్లో పసిపిల్లలకి అందే ఎత్తులో ఎర్ర త్రికోణం డబ్బా పెట్టుకోవడం ఏ లెక్కలో కుదిరింది? సపోర్టు ఆగిపోయిన సాఫ్టువేరుని తీసేస్తాం గానీ, దానికోసం ఆఫీసుకి నిప్పు పెట్టుకోం కదా.

కాబట్టి ఈ శనివారం రెండు పనులు చేయండి. మీ గులాబీ దగ్గర ఎండ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పడుతోందో గడియారం పెట్టుకుని చూడండి. తరవాత మీ అపార్ట్‌మెంటు స్టోరు రూములో ఉన్న డబ్బా కింది త్రికోణం రంగు చూడండి, దాన్ని ఎవరి చేత కొట్టిస్తున్నారో కూడా కనుక్కోండి. ఆ రెండూ చూశాక కూడా "కొట్టాల్సిందే" అనేవాళ్ళుంటే రండి, వాదించుకుందాం. మాస్కు లేకుండా, చెప్పుల్లేకుండా ఒక్కసారి మీ చేత్తో మీరే కొట్టి వచ్చి మాట్లాడండని మాత్రం అనను. ఆ పని ఎవరూ చేయకూడదనే కదా నా గోల.